వెల్డింగులో పనిముట్లు వంకరపోకుండ కాపాడుకొనుట

మృగశిర కార్తెలో తొలకరి కురిసిన మరునాడు, ఊరి బయట వెల్డింగు అంగళ్ళ ముందు గొర్లు, నాగళ్ళు, ట్రాలీలు బారులు తీరి యుండుట అందరును చూచునదే. అక్కడ పొలములో పదును ఆరిపోవుచుండును. రైతుకు తొందర, వెల్డరుకు అంతకంటె తొందర. పగిలిన చోట దళసరిగా నాలుగు వరుసలు పోసి, పైన నీళ్ళు చల్లి, పనిముట్టును ట్రాక్టరుకు తగిలించి పంపివేయుదురు. అతుకు గట్టిగనే ఉండును. కాని పొలములో దిగిన తరువాత గొర్రు ఒక ప్రక్క లోతుగను, వేరొక ప్రక్క పైపైనను నడచును. విరిగినది అతికినది గాని, చట్రము వంకరపోయినది.

ఈ వంకర కంటికి ఆనదు. పంటకు మాత్రము ఆనును. ట్రాక్టరుతో లాగు విత్తన గొర్రు ఒకటి ఉన్నదనుకొనుడు. దాని చట్రము పొడవు 2 మీటర్లు. నడుమ పగిలిన చోట వెల్డింగు వలన 1 డిగ్రీ వంపు వచ్చినచో, అక్కడికి 1 మీటరు దూరమున నున్న చివర సుమారు 17 మి.మీ. పైకో క్రిందికో పోవును. 2 డిగ్రీలైనచో 35 మి.మీ. పోవును. వేరుసెనగ విత్తనము సుమారు 50 మి.మీ. లోతున పడవలెనని మనము గొర్రును సరిచేసికొందుము. అది నడుమ సరిగానే పడును. చివర మాత్రము 15 మి.మీ. లోతున, ఆరిన మంటిలో పడును. లేదా 85 మి.మీ. లోతున పడి మొలక పైకి రాలేక నీరసించును. విత్తనము మంచిదే, వాన మంచిదే, అదను మంచిదే. అయినను సాళ్ళు సగము ఖాళీ. ఆ తప్పు విత్తనముపై మోపుదురు గాని వెల్డింగుపై ఎవ్వరును మోపరు.

రైతు స్వయముగా వెల్డింగు చేయనక్కరలేదు. కాని పని జరుగునప్పుడు ప్రక్కన నిలిచి, ఏది చేయవలెనో ఏది కూడదో చెప్పగల తెలివి ఉండవలెను. దానికి నాలుగు మాటలు చాలును: ముందుగా కొలుచుట, టాకాలు వేయుట, మార్చి మార్చి వెల్డు చేయుట, నెమ్మదిగా చల్లారనిచ్చుట. వీని కారణములను, పద్ధతులను ఈ పాఠములో వివరించుచున్నాము.

ఉక్కు ఎందుకు వంకరపోవును?

ఎద్దుబండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుటను పెద్దలు చూచియే యుందురు. కమ్మరి పట్టాను చక్రము కంటె కొంచెము చిన్నదిగా చేయును. చుట్టును పిడకలు పేర్చి కాల్చగా అది వ్యాకోచించి పెద్దదగును. ఎఱ్ఱగా నుండగనే పట్టుకార్లతో ఎత్తి చెక్క చక్రముపై దింపి నీళ్ళు పోయుదురు. చల్లారి ముడుచుకొను పట్టా చక్రమును నలువైపుల నుండి బిగించును. ఆకులు కదలక గట్టిపడును. మేకు లేకుండ, బోల్టు లేకుండ చక్రము నంతటిని బిగించిన బలము ఆ ముడుచుకొనుటలోనే కలదు. వెల్డింగులో పనిముట్టును వంచునదియు ఆ బలమే. కమ్మరి దానిని తన పనికి వాడుకొనును. అజాగ్రత్త గల వెల్డరు దానికి లొంగిపోవును.

మామూలు ఉక్కు కడ్డీ 1 మీటరు పొడవున్నచో, 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కినప్పుడు సుమారు 1.2 మి.మీ. పెరుగును, చల్లారగనే మరల మొదటి పొడవునకు వచ్చును. కడ్డీ నంతటిని సమముగా వేడిచేసి, అడ్డు లేకుండ చల్లారనిచ్చినచో వంకర రాదు. వెల్డింగులో అట్లు జరుగదు. కడ్డీ కొన తగిలిన చోట ఉక్కు సుమారు 1,500 డిగ్రీలకు చేరి కరగును. అచ్చటికి జానెడు దూరములోని లోహము చేతితో తాకదగినంత చల్లగా నుండును. వేడి భాగము పెరుగబోవును. చుట్టునున్న చల్లని భాగము పెరుగనీయదు. వేడిచేత మెత్తబడిన ఉక్కు ఎటును పోలేక తనలో తాను నలిగి మందమగును. తరువాత చల్లారునప్పుడు ముడుచుకొనును. కాని నలిగి కురచయైన భాగము ముడుచుకొన్నచో మునుపటి కంటె ఇంకను కురచ యగును. అప్పుడది చుట్టునున్న లోహమును తన వైపునకు లాగును. ఆ లాగుడే వంకర.

దీనికి వేడి ఎక్కువగా అక్కరలేదు. రెండు చివరలను కదలకుండ బిగించిన మామూలు ఉక్కు కడ్డీని సుమారు 100 డిగ్రీలు వేడెక్కించినంతనే, అది శాశ్వతముగా నలుగుటకు కావలసిన ఒత్తిడి పుట్టును. వెల్డు ప్రక్కన వేడి దీనికి పది రెట్లు మించును. కావున వెల్డింగులో లాగుడు లేకుండ చేయుట అసాధ్యము. ఆ లాగుడును తగ్గించుటయు, ఒక లాగుడునకు ఎదురు లాగుడు కల్పించుటయు మన చేతిలో నున్నవి.

వంకరలలో రకములు

1. అడ్డపు కుదింపు: అతుకునకు ఇరువైపుల నున్న పలకలు దగ్గరకు వచ్చును. వి ఆకారపు గాడి చేసి ఎదురుబొదురుగా అతికిన పలకలలో ఒక్కొక్క అతుకునకు 1.5 నుండి 3 మి.మీ. వరకు కుదింపు రావచ్చును.

2. పొడవు కుదింపు: అతుకు తన పొడవునను కురచ యగును. ఇది తక్కువ, 3 మీటర్ల ఎదురుబొదురు అతుకునకు సుమారు 3 మి.మీ.

3. కోణపు వంపు: వెల్డు పైన వెడల్పుగను, క్రింద సన్నముగను ఉండుటచే పైభాగము ఎక్కువగా ముడుచుకొనును. పలకలు వెల్డు వైపునకు ముడుచుకొనును. పనిముట్లలో ఎక్కువ చేటు తెచ్చునది ఇదియే.

4. విల్లు వంపు: పొడవాటి కడ్డీకి ఒక ముఖము మీదనే వెల్డు పోసినచో ఆ వైపు కురచయై కడ్డీ విల్లువలె వంగును. అరిగిన కర్రుకు ఒక ముఖమున గట్టి లోహము పూత వేయునప్పుడును ఇట్లే జరుగును.

5. ఉబ్బు: ట్రాలీ అడుగు రేకు వంటి పలుచని రేకులు అలలు అలలుగా పైకి లేచును.

6. మెలి: చట్రము ఒక మూల పైకి, ఎదుటి మూల క్రిందికి పోవును. మంచపు కోళ్ళు నేలకు ఆననట్లు గొర్రు కుంటిదగును.

వెల్డింగు అవసరమా యని ముందు చూడుడు

వెల్డు చేయనిచోట వంకర రాదు. బోల్టుతో బిగించదగిన దానిని వెల్డు చేయరాదు. అరిగినప్పుడు మార్చవలసిన కర్రులను చట్రమునకు వెల్డు చేయుట రెండింతల నష్టము: కర్రు మార్చ వీలుపడదు, చట్రము వంగును.

కొన్ని భాగములకు వెల్డింగు పనికిరాదు. స్ప్రింగులు, కమాను పట్టీలు, డిస్కు నాగలి పళ్ళెములు, ట్రాక్టరుకు తగిలించు పిన్నులు మొదలగునవి వేడిచేసి గట్టిపరచిన ఉక్కుతో చేయబడినవి. వెల్డు వేడి తగిలిన చోట ఆ గుణము చెడును. కొంతచోట పెళుసగును, కొంతచోట మెత్తబడును. అట్టివి విరిగినచో క్రొత్తవి వేయుటయే మేలు. పోతపోసిన ఇనుప భాగములకు వేరు రకపు కడ్డీలును, వేరు పద్ధతియు కావలెను. వానిని మామూలు కడ్డీతో అతుకరాదు.

పనికి ముందు కొలతలు

వంకర వచ్చినదో లేదో తెలియుటకు, రాకముందు ఎట్లుండెనో తెలిసియుండవలెను. దీనికి టేపు, దారము, మూలమట్టము, రసమట్టము చాలును.

చట్రమును నాలుగు ఎత్తుల మీద సమముగా నిలిపి రెండు కర్ణములను, అనగా మూల నుండి ఎదుటి మూలకు కొలువవలెను. నలుచదరపు చట్రములో రెండును సమానముగా నుండవలెను. 2 మి.మీ. వరకు తేడా సహించవచ్చును.

మెలి చూచుటకు నాలుగు మూలల పైఅంచుల మీదుగా రెండు దారములను అడ్డముగా బిగించి కట్టవలెను. అవి నడుమ ఒకదాని నొకటి తాకీ తాకనట్లున్నచో చట్రము సమము. రెంటి నడుమ సందున్నచో మెలి ఉన్నట్లు. పై దారమును క్రిందికి, క్రింది దానిని పైకి మార్చి మరల చూడవలెను. మొదట ఒత్తుకొని దాగిన మెలి అప్పుడు బయటపడును. నడుమ 5 మి.మీ. సందు కనిపించినచో, ఒక మూల 10 మి.మీ. ఎత్తుగా నున్నదని తెలిసికొనవలెను.

పగులునకు ఇరువైపుల సెంటరు పంచితో రెండు గుర్తులు పెట్టి, నడిమి దూరమును సరిగా 200 మి.మీ. ఉంచవలెను. పని ముగిసి చల్లారిన తరువాత ఆ దూరమును కొలిచినచో ఎంత కుదించెనో తెలియును. కొలతలన్నియు చట్రముపైననే సుద్దముక్కతో వ్రాసిన మరచుట ఉండదు.

లోహము తక్కువ, లాగుడు తక్కువ

"ఎక్కువ పోయుము, గట్టిగా నుండవలెను" అని వెల్డరును కోరుట మన అలవాటు. ఇది పొరపాటు. మూలలో వేయు వెల్డును లెక్కించి చూడుడు. కాలు 6 మి.మీ. ఉన్న వెల్డు అడ్డుకోతలో 18 చదరపు మి.మీ. లోహముండును. కాలును 8 మి.మీ. చేసినచో 32 చదరపు మి.మీ. అగును. బలము మూడవ వంతు మాత్రమే పెరిగినది. పోసిన లోహము ముప్పాతికకు మించి పెరిగినది. వేడియు, లాగుడును ఆ లోహము వెంటనే పెరుగును. కడ్డీల ఖర్చును అంతే. కావున అతుకు పలకల మందమునకు తగినంత వెల్డు చాలును.

పలకల నడుమ సందు ఎక్కువైనచో దానిని నింపుటకే లోహమంతయు పోవును. సందు 2, 3 మి.మీ. మించకుండ అంచులను గ్రైండరుతో చక్కగా కుదిర్చికొనవలెను. సందులో ఇనుప చువ్వ ముక్కలు కుక్కి పైన వెల్డు కప్పుట మోసపు పని; అతుకు బలహీనము, వంకర అధికము.

దళసరి పలకలలో ఒక వైపు నుండియే గాడి చేయుట కంటె, రెండు వైపుల నుండి సగము సగము గాడి చేయుట మేలు. 10 మి.మీ. పలకకు 60 డిగ్రీల గాడి ఒకవైపున చేసినచో గాడి కోత సుమారు 58 చదరపు మి.మీ.; ఇరువైపుల చేసినచో సుమారు 29. సగము లోహము మిగులును. అంతేగాక ఒక వైపు లాగుడును రెండవ వైపు లాగుడు సరిచేయును.

రంగు, గ్రీజు, త్రుప్పు, మట్టి తీసివేసి, పగులు చివర వరకు కనబడునట్లు శుభ్రపరచవలెను. పగులు ఆగిన చోట చిన్న రంధ్రము తొలిచినచో అది ముందునకు ప్రాకదు.

టాకాలు, బిగింపులు

బట్టలు కుట్టువాడు మిషను ఎక్కించుటకు ముందు టాకాలు వేయును. టాకా వేయని గుడ్డ కుట్టుచుండగనే జరిగిపోవును. వెల్డింగులోను అంతే. ఒక చివర మొదలుపెట్టి నేరుగా పోసికొనిపోయినచో, ముందున్న సందు కత్తెరవలె మూసికొనిపోవును.

6 మి.మీ. పలకకు 20 మి.మీ. పొడవు గల టాకాలను సుమారు 150 మి.మీ. కొకటి చొప్పున వేయవలెను. ముందు రెండు చివరల, తరువాత నడుమ, ఆ తరువాత మిగిలిన చోట్ల వేయవలెను. టాకాలు వేసిన పిదప మరల కర్ణములు, మట్టము కొలువవలెను. తేడా ఉన్నచో ఒక టాకా కోసి సరిచేయుట నిమిషముల పని. పూర్తి వెల్డు పడిన తరువాత సరిచేయుట పూటల పని.

చట్రమును బలమైన దూలము మీదనో, వెల్డరు ఇనుప బల్ల మీదనో సి క్లాంపులతో బిగించి, వెల్డు చేతికి వెచ్చగా తగులువరకు చల్లారిన తరువాతనే విప్పవలెను. ఒకే తీరు భాగములు రెండు చేయవలసి యున్నచో, వానిని వీపునకు వీపు చేర్చి బిగించి వెల్డు చేసినచో రెండును పరస్పరము కాపాడుకొనును. ఐతే బిగింపు వంకరను ఆపునే గాని లాగుడును పోగొట్టదు. అది లోపల అణగియుండును. మిక్కిలి దళసరి భాగములను ఎటును కదలనీయక బిగించినచో వెల్డు పగులవచ్చును. అట్టిచోట ఒక చివర జరుగుటకు వీలుంచవలెను.

ఎదురు వంపు పెట్టుట

పలక ఎటు వంగునో తెలిసినప్పుడు, ముందుగనే దానిని ఎదురు దిక్కునకు అంత వంచి ఉంచినచో, చల్లారునప్పటికి సరియైన స్థానమునకు వచ్చును. ఎంత వంచవలెనన్నది ఊహతో నిర్ణయింపరాదు. అదే మందము గల వ్యర్థపు ముక్కలను రెండింటిని తీసికొని, అదే కడ్డీతో, అదే కరెంటుతో వెల్డు చేసి చల్లారిన తరువాత మూలమట్టముతో చూడవలెను. 2 డిగ్రీలు వంగినచో అసలు పనిలో 2 డిగ్రీలు ఎదురుగా పెట్టవలెను. పది నిమిషముల ఈ పరీక్ష ఒకే తీరు భాగములు అనేకము చేయువారికి చాల ఉపకరించును.

మార్చి మార్చి వెల్డు చేయుట

చిన్న అంగళ్ళలో ఖర్చు లేకుండ అనుసరింప వీలైన ఉపాయము ఇదియే. వేడిని ఒకేచోట ప్రోగుపడనీయరాదు.

ఎదురెదురుగా: ట్రాక్టరు చక్రపు నట్లను వరుసగా బిగింపము, ఒకటి బిగించి దాని ఎదుటి దానిని బిగింతుము. దమ్ము చక్రముల చుట్టునుండు రెక్కలను వెల్డు చేయునప్పుడును అట్లే చేయవలెను. వరుసగా చుట్టుకొనిపోయినచో చక్రము గుండ్రదనము కోల్పోయి, తిరుగునప్పుడు ఊగును. రోటవేటరు షాఫ్టు మీద బ్లేడ్ల పలకలను అతుకునప్పుడును, ఒకటి పైన వేసిన పిమ్మట షాఫ్టును సగము త్రిప్పి ఎదుటి ప్రక్క వేయవలెను. అట్లు చేయనిచో షాఫ్టు విల్లువలె వంగి బేరింగులను తినివేయును.

నడుమ నుండి చివరలకు: పొడవాటి అతుకును, ట్రాలీ అడుగు రేకును నడుమ మొదలుపెట్టి రెండు చివరలకు పోవలెను. లాగుడు చివరల వైపునకు వెడలిపోవును, ఉబ్బు తగ్గును.

వెనుకడుగు పద్ధతి: 300 మి.మీ. అతుకును 60 మి.మీ. చొప్పున అయిదు భాగములుగా సుద్దతో గుర్తించవలెను. పని మొత్తము ఎడమ నుండి కుడికి సాగవలెను గాని, ఒక్కొక్క భాగమును కుడి నుండి ఎడమకు పోయవలెను. అనగా మొదటి భాగమును 60 వద్ద ప్రారంభించి 0 వద్ద ముగించవలెను. రెండవ దానిని 120 వద్ద ప్రారంభించి 60 వద్ద ముగించవలెను. ఇట్లే చివర వరకు చేయవలెను.

విడిచి విడిచి: బలము ఎక్కువగా అవసరము లేని చోట 50 మి.మీ. వెల్డు వేసి 100 మి.మీ. విడిచిపెట్టవచ్చును. లోహము మూడవ వంతే పట్టును. కాని దమ్ములో నీట మునుగు భాగములలో ఈ పద్ధతి తగదు. విడిచిన సందులలో నీరు, బురద చేరి త్రుప్పు పట్టించును. అచ్చట అంతటను సన్నని వెల్డునే వెనుకడుగు పద్ధతిలో వేయవలెను.

ఊత పలకలు వేయునప్పుడు ఒక ముఖముననే వేయక, వీలైనంతవరకు రెండు ముఖములను సమముగా వేయవలెను.

కడ్డీ, కరెంటు, వేగము

మామూలు ఉక్కు పనిముట్లకు ఇ 6013 రకపు కడ్డీలను సాధారణముగా వాడుదురు. 2.5 మి.మీ. కడ్డీకి 60 నుండి 90 ఆంపియర్లు, 3.15 మి.మీ. కడ్డీకి 90 నుండి 130 ఆంపియర్లు తగును. కడ్డీల పెట్టెమీద ముద్రించిన అంకెలను చూచి సరిచేసికొనవలెను. వానకాలములో కడ్డీలకు చెమ్మ తగులకుండ మూత గల డబ్బాలో ఉంచవలెను.

కరెంటు ఎంత ఉన్నను, చేయి నడచు వేగమును గమనింపవలెను. అదే కరెంటుతో నిమిషమునకు 150 మి.మీ. నడచు చేయి 75 మి.మీ. మాత్రమే నడచినచో, ప్రతి మిల్లీమీటరునకు రెండింతల వేడి చేరును. కావున కడ్డీని అటునిటు వెడల్పుగా ఊపుచు జాగుచేయరాదు. నేరుగా, నిలకడగా నడపవలెను. ఒకే కొలత వెల్డును సన్నని కడ్డీతో అయిదారు వరుసలలో వేయుట కంటె తగిన కడ్డీతో ఒకటి రెండు వరుసలలో ముగించినచో కోణపు వంపు తగ్గును. ప్రతి వరుస ప్రతిమారు లాగునని గుర్తుంచుకొనవలెను. వరుసకు వరుసకు నడుమ చిట్టెమును పూర్తిగా రాల్చవలెను.

నీళ్ళు పోయరాదు

చల్లార్చుటకు తొందరపడి నీళ్ళు పోయుట, తడి గోనె కప్పుట మానవలెను. పట్టా వేయు కమ్మరి నీళ్ళు పోయుచున్నాడు గదా యని అడుగవచ్చును. అతడు పోయునది మెత్తని ఇనుముపైన, చుట్టును సమముగ, చక్రమును బిగించుటకే. మనము కోరునది బిగింపు కాదు. ఒక ప్రక్క నీళ్ళు పడిన వెల్డు ఒక ప్రక్కకే లాగును. కర్రు, కొడవలి వంటి గట్టి ఉక్కుతో చేసినదైనచో వేడి తగిలిన చోట గాజువలె పెళుసై, పొలములో మొదటి రాయికే పగులును. నీడలో, గాలి విసరు లేనిచోట తనంతట తాను చల్లారనీయవలెను. అరగంట ఆలస్యము వలన పదును ఆరిపోదు. వంకర గొర్రుతో విత్తిన పొలమును మరల విత్తవలసి వచ్చును.

వంకర వచ్చిన తరువాత

కొద్ది వంకరను జాకీతోనో, చేతి ప్రెస్సుతోనో నెమ్మదిగా నొక్కి సరిచేయవచ్చును. వెల్డుపైననే సుత్తితో మోదరాదు. ఇట్లు లొంగనిచో గ్యాసు మంటతో సరిచేయు పద్ధతి కలదు. ముల్లును ముల్లుతోనే తీయవలెనన్నట్లు, వేడి వలన వచ్చిన వంకర వేడితోనే పోవును.

విల్లువలె వంగిన కడ్డీలో లోపలి ప్రక్క కురచ, వెలుపలి ప్రక్క పొడవు. ఉబ్బిన వెలుపలి ప్రక్కను ఒక చిన్న చోట మాత్రము మసక ఎఱుపు వచ్చువరకు వేడిచేసి వదలవలెను. అది చల్లారి ముడుచుకొని, కడ్డీని తిన్నగా లాగును. వేడి 650 డిగ్రీలు మించరాదు. నీడలో చూచినచో మసక ఎఱుపు దాటి ప్రకాశించరాదు. ఒకచోట వేడిచేసి, పూర్తిగా చల్లారిన తరువాత కొలిచి, అవసరమైనచో మరియొక చోట వేడిచేయవలెను. గట్టిపరచిన ఉక్కుకు ఈ పద్ధతి వాడరాదు.

ఒక ఉదాహరణ: విత్తన గొర్రు చట్రము

మొదట చెప్పిన విత్తన గొర్రు ముందు కడ్డీ నడుమ పగిలినదనుకొనుడు. పని ఈ క్రమమున చేయవలెను.

1. గొర్రును ట్రాక్టరు నుండి విప్పి, విత్తనపు పెట్టెను, గొట్టములను తీసి ప్రక్కన పెట్టవలెను.
2. చట్రమును సమమైన ఎత్తుల మీద నిలిపి కర్ణములు, మెలి కొలిచి సుద్దతో వ్రాయవలెను. విరిగినప్పుడే వంగియున్నచో, ముందు దానిని తిన్నగా చేయవలెను.
3. పగులును శుభ్రపరచి, రెండు వైపుల గాడి చేయవలెను.
4. కడ్డీ వెంబడి బలమైన ఏంగ్లు ముక్కను పగులునకు ఇరువైపుల చేరునట్లు క్లాంపులతో బిగించవలెను.
5. టాకాలు వేసి, మరల కొలువవలెను.
6. పై ముఖమున ఒక వరుస, చట్రమును త్రిప్పి క్రింది ముఖమున ఒక వరుస. తరువాత ముందు, వెనుక ముఖములు. ఇట్లు మార్చి మార్చి ముగించవలెను.
7. ఊత పలకలను పైనను, క్రిందను ఒకే కొలతతో వేయవలెను.
8. చేతికి వెచ్చన తగ్గువరకు ఆగి క్లాంపులు విప్పవలెను. కర్ణములు, మెలి, పంచి గుర్తుల నడిమి దూరము కొలిచి, ముందు వ్రాసిన వానితో పోల్చవలెను.
9. రంగు పూసి, పెట్టెను బిగించి, చదునైన నేలమీద గొర్రును దించి, కర్రుల మొనలన్నియు ఒకే మట్టమున నేలకు తాకుచున్నవో లేదో చూడవలెను.

తొమ్మిదవ పనిని ఎన్నటికిని విడువరాదు. పొలమునకు పోకముందు తప్పు తెలిసికొను చివరి అవకాశము అదియే.

ప్రాణరక్షణ

పనిముట్టు ట్రాక్టరుకు తగిలియుండగా వెల్డు చేయవలసి వచ్చినచో బ్యాటరీ తీగెలను విప్పవలెను. ఎర్తు క్లాంపును వెల్డునకు దగ్గరలో, శుభ్రమైన లోహముపై పట్టించవలెను. లేనిచో కరెంటు బేరింగుల గుండ పోయి వానిని కాల్చును. డీజిలు ట్యాంకును, మందుల డబ్బాలను ఎట్టి పరిస్థితిలోను వెల్డు చేయరాదు. గడ్డివాముల దగ్గర, కళ్ళముల దగ్గర పని పెట్టుకొనరాదు. జస్తా పూత గల గొట్టములను వెల్డు చేయునప్పుడు వచ్చు తెల్లని పొగ జ్వరము తెచ్చును. పూతను ముందుగా తీసి, గాలి వీచుచోట చేయవలెను. ప్రక్కన నిలిచిన రైతును, ముఖ్యముగా పిల్లలును, వెలుగును వట్టి కన్నులతో చూడరాదు.

గ్రామాధికారులకు ఒక మాట

ఈ మరమ్మతులన్నియు తొలకరి తరువాత కాక, వేసవిలోనే జరుగవలెను. రోహిణి కార్తె రాకముందే గ్రామములోని గొర్లు, నాగళ్ళు, దమ్ము చక్రములు, అద్దె కేంద్రములలోని పనిముట్లు ఒకచోట చేర్చి, దారముతోను టేపుతోను పరీక్షించు రోజు ఒకటి ఏర్పరచినచో మంచిది. అంగడి వెల్డరును పిలిచి, రైతుల ఎదుట ఒక చట్రమును పై పద్ధతిలో అతికి చూపించవచ్చును. రెండు వ్యర్థపు పలకలను ఒకదానిని తొందరగాను, వేరొకదానిని టాకాలు వేసి మార్చి మార్చియు వెల్డు చేసి, ప్రక్క ప్రక్కన పెట్టి చూపినచో, చదువు రానివారికిని విషయము బోధపడును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

బోల్టు చాలినచోట వెల్డు వలదు.
కొలువని చట్రమునకు వెల్డు వేయరాదు.
ఎక్కువ లోహము ఎక్కువ బలము కాదు, ఎక్కువ వంకర.
టాకాలు వేసి మరల కొలువవలెను.
ఒక ప్రక్క వేసిన వెంటనే ఎదుటి ప్రక్క వేయవలెను.
నీళ్ళు పోయక నీడలో చల్లారనీయవలెను.
కర్రుల మొనలు ఒకే మట్టమున నున్నవని చూచిన తరువాతనే గొర్రును పొలమునకు తోలవలెను.